మీ పాత కారుకి మేమిచ్చే ధర (షరతులు వర్తిస్తాయి)

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లో రెండో బిడ్డ రాబోతోందని తెలియగానే జరిగే మొదటి పని మినీవ్యాన్ ధరలు వెతకడం. ఇండియాలో అమ్మావాళ్ళకి ఫోన్ చెయ్యడం ఆ తర్వాతే :) రెండో పని, ఇంటి ముందున్న పాత సెడాన్‌కి ఎంతొస్తుందో చూసుకోవడం. ఏదో ఒక సైట్లో నంబర్ ప్లేటు కొడతాం, ఎన్ని మైళ్ళు తిరిగిందో కొడతాం, కండిషన్ ఎలా ఉందని అడిగితే కాకి పిల్ల కాకికి ముద్దు కాబట్టి "ఎక్సలెంట్" అని నొక్కుతాం. ఈమెయిలూ ఫోన్ నంబరూ ఇచ్చాక చక్రం గిర్రున తిరిగి ఒక అంకె బయటపడుతుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ అంకె మీద ఇంటి బడ్జెట్టు తయారైపోతుంది. వారం తిరక్కుండానే డీలర్ దగ్గర అదే కారుకి ఇంకో అంకె వినపడుతుంది. రెండింటికీ తేడా రెండు మూడు వేల డాలర్లు. అప్పుడు మన నోట్లోంచి వచ్చే మాట ఒకటే: "దొంగ వెధవలు".

దొంగలో కాదో తర్వాత చూద్దాం. ఈ మధ్య మా బావ కోసం, ఆ తర్వాత మా ఆఫీసులో ఒకాయన కోసం ఈ లెక్కల్లో చాన్నాళ్ళు మునిగి తేలాను. డీలర్లకి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో పనిచేసే మా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు లోపలి సంగతులు కొన్ని చెప్పాడు. అంతా చూశాక నాకు తేలిందేమిటంటే, ఆన్‌లైన్‌లో కనపడే ట్రేడ్-ఇన్ ధర మన కారు ఎంత విలువైనదో చెప్పదు. అవతలివాడికి ఆ కారు ఎంత అవసరమో, మనం షోరూం దాకా రావడం ఎంత అవసరమో చెబుతుంది.

కెల్లీ బ్లూ బుక్ పుట్టుకలోనే ఈ సంగతి ఉంది. లెస్ కెల్లీ అనే ఆయన 1918లో లాస్ ఏంజెలెస్‌లో పాత కార్ల వ్యాపారం పెట్టాడు. తనకి ఏయే కార్లు కావాలో, వాటికి ఎంత ఇస్తాడో ఒక జాబితా రాసి మిగతా డీలర్లకీ బ్యాంకులకీ పంచేవాడు. ఆ జాబితా మీద అందరికీ గురి కుదరడంతో 1926లో అది పుస్తకమైంది. అంటే మనం ఇవాళ "మార్కెట్ విలువ" అని కళ్ళకద్దుకునేది మొదట్లో ఒక కొనుగోలుదారుడి సరుకుల చిట్టా. 1990ల దాకా అది వ్యాపారుల చేతుల్లోనే తిరిగింది. మామూలు జనం చేతికి వచ్చింది ఆ తర్వాతే.

డీలర్ల దగ్గర ఇంకో పుస్తకం ఉంటుంది, అది మనకి కనపడదు. పెన్సిల్వేనియాలో మాన్‌హైమ్ అనే ఊళ్ళో 1945లో ఒక కార్ల వేలంపాట మొదలైంది. ఇవాళ ఆ పేరుతో దేశమంతా వేలంపాటలు నడుస్తున్నాయి. లైసెన్సున్న డీలర్లకి తప్ప మీకూ నాకూ అందులోకి ప్రవేశం లేదు. అక్కడ నిజంగా అమ్ముడైన ధరల నుంచి ప్రతి మోడల్‌కీ ఒక టోకు ధర తయారవుతుంది. ఎమ్ఎమ్ఆర్ అంటారు. డీలర్ మన కారు చుట్టూ తిరుగుతూ ఫోన్లో చూసుకునేది దాన్నే. తమాషా ఏమిటంటే మాన్‌హైమ్ వేలంపాటలు, కెల్లీ బ్లూ బుక్, ఆటోట్రేడర్ సైటు, పాత కార్ల మేనేజర్లు వాడే వీఆటో అనే సాఫ్ట్‌వేర్, ఇవన్నీ కాక్స్ ఆటోమోటివ్ అనే ఒకే కంపెనీవి. మనం చూసే అంకే, డీలర్ చూసే అంకే ఒక ఇంట్లోంచే వస్తాయి. గుమ్మాలే వేరు.

ఇప్పుడు మా బావ కథ. ఆయన ఉండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. కారు 2018 హోండా అకార్డ్, 82 వేల మైళ్ళు. కొనాలనుకున్నది టొయోటా సియెన్నా. మా బావకి బేరం అంటే మొహమాటం. మనిషి ఎదురుగా కూర్చుంటే "సరేలెండి" అనేస్తాడు. ఈమెయిల్లో మాత్రం పులి. ఐదుగురు డీలర్లకి ఒకే ఈమెయిల్ కొట్టి, ఒకడి ధర ఇంకొకడికి చూపించి, కొత్త బండి మీద బాగానే తగ్గించాడు. పాత కారుకి సైట్లో 14,800 నుంచి 16,400 దాకా చూపించింది. మనిషి ఆశాజీవి కాబట్టి 16,000 అని రాసుకున్నాడు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి వెళ్ళారు. అక్కకి ఏడో నెల. పదకొండున్నరకి నాకు ఫోన్.

"ఒరేయ్, పదమూడు వేలే అంటున్నాడురా."

"మీరు సంతకం ఏమైనా పెట్టారా బావా?"

"ఇంకా లేదు. మీ అక్క కాళ్ళు వాచాయంటోంది. పెట్టేస్తే పోలా అనిపిస్తోంది."

ఈ చివరి వాక్యం కోసమే డీలర్లు ఆన్‌లైన్‌లో కచ్చితమైన ధర చెప్పరు. "తీసుకురండి, చూసి చెబుతాం" అంటారు. ఇందులో కొంత న్యాయం ఉంది, చూడకుండా ఎవరైనా ఎలా చెబుతారు? కానీ న్యాయం వెనకాల వ్యాపారం కూడా ఉంది. ఈమెయిల్లో అంకె రాసిస్తే మనం దాన్ని పట్టుకుని నలుగురి దగ్గరికి తిరుగుతాం. షోరూంలో చెబితే, అప్పటికే సగం రోజు ఖర్చైపోయి ఉంటుంది, పిల్లాడు ఏడుస్తుంటాడు, కొత్త బండి వాసన ముక్కుకి పట్టేసి ఉంటుంది.

సరే, పదమూడు వేలు ఎక్కడి నుంచి వచ్చింది? మనం 16,400 నుంచి కిందకి చూస్తాం. వాడు అమ్మబోయే ధర నుంచి వెనక్కి నడుస్తాడు. చుట్టుపక్కల వంద మైళ్ళలో అలాంటి అకార్డులు ఎంతకి పెట్టి ఉన్నాయి, ఎన్ని ఉన్నాయి, ఒక్కోటి ఎన్నాళ్ళుగా పడి ఉంది, అన్నీ తెర మీద ఉంటాయి. ఆ వారం అది సుమారు 17,500. అందులోంచి తీసివేతలు మొదలు. రెండు టైర్లు అరిగాయి, బ్రేకులు మార్చాలి, వెనక బంపర్‌కి రంగు వెయ్యాలి, లోపల శుభ్రం చెయ్యాలి, తనిఖీ ఖర్చు. అన్నీ కలిపి 2,100 అనుకోండి. స్థలం ఖర్చు, కాగితాల ఖర్చు, అటూ ఇటూ తిప్పే ఖర్చు అని ఇంకో 500. తనకి మిగలాల్సింది ఒక 2,000. పోతే 12,900. దాన్ని గుండ్రం చేసి "పదమూడు, మీకోసం" అన్నాడన్నమాట.

ఇవి నేను మా క్లాస్‌మేట్‌తో కూర్చుని వేసిన అంచనాలు, డీలర్ కాగితం చూసి రాసినవి కావు. కానీ తీసివేతల వరస అదే. ఇక్కడ గమనించాల్సిన ముక్క ఒకటుంది. రెండు టైర్లకి మనకి అయ్యే ఖర్చు వేరు, వాడి సొంత వర్క్‌షాపులో అయ్యే ఖర్చు వేరు. అయినా మన ఎదురుగా వేసే లెక్కలో ఎప్పుడూ పెద్దదే కనపడుతుంది. రెండో తాళంచెవి లేదంటే దానికీ ఒక కోత. మా బావ రెండో తాళంచెవి ఇంట్లోనే వంటింటి డ్రాయర్లో, మసాలా ప్యాకెట్ల కింద ఉంది!

వడగళ్ళ సంగతి వేరే చెప్పాలి. డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి వసంతకాలం అంటే కోయిల కూత కాదు, వడగళ్ళు. రెండేళ్ళ క్రితం బావ కారు పైకప్పు మీద సొట్టలు పడ్డాయి. ఇన్సూరెన్సువాడు చెక్కు ఇచ్చాడు. చెక్కు ఇంటి డౌన్‌పేమెంటులో కలిసిపోయింది, సొట్టలు కారు మీదే ఉండిపోయాయి. అవి ఎండలో నిలబడి ఒక కోణంలో చూస్తే తప్ప కనపడవు. వాళ్ళకి ఆ కోణం తెలుసు. సైట్లో బావ నొక్కిన "ఎక్సలెంట్" అక్కడే కొట్టుకుపోయింది. అసలు ఆ స్థాయికి నూటికి మూడు కార్లు కూడా రావడం కష్టమని బ్లూ బుక్ వాళ్ళే రాసుకున్నారు. ఎవరూ చదవరు.

ఇంతవరకూ డీలర్ చేసింది అన్యాయం అనలేం. అసలు మెలిక ఈమెయిల్లో పులుల గురించి. ఈ సంగతి మా క్లాస్‌మేట్ చెప్పేదాకా నాకు తట్టలేదు. షోరూంలో ఇంటర్నెట్ కస్టమర్లని చూసే మేనేజరు ఒకరు, పాత కార్లకి ధర కట్టే మేనేజరు ఇంకొకరు. మొదటివాడు ఐదుగురితో పోటీపడి కొత్త బండిని అడుగు ధరకి ఒప్పుకున్నాడు. అందులో ఇక లాభం లేదు. ఇదివరకు, అంటే పేపర్లో ప్రకటన చూసి జనం షోరూంకి వచ్చే రోజుల్లో, కొత్త బండి మీద మార్జిన్ బాగా ఉండేది కాబట్టి దాంట్లోంచి కొంత తీసి పాత కారు ధర మీద కలిపి చూపించేవాళ్ళు. మన కారు వాడి లెక్కలో 12 వేలే అయినా, "మీ కారుకి 14 ఇస్తున్నాం" అని మురిపించేవాళ్ళు. దానికి వాళ్ళలో ఒక పేరు కూడా ఉంది, ఓవర్ అలవెన్స్. ఇంటర్నెట్ కస్టమర్‌కి ఆ కలిపే డబ్బు లేదు. పాత కారుకి నిఖార్సైన టోకు లెక్కే కడతారు, వీలైతే దానికన్నా కిందకి నొక్కుతారు. కొత్త బండి ధర రాతపూర్వకంగా బిగిసిపోయింది కాబట్టి, కదిలే మర ఏదైనా మిగిలి ఉంటే అది పాత కారు ధరా, లోను వడ్డీనూ.

అందుకే "నేను ఇన్‌వాయిస్ కింద కొన్నాను తెలుసా" అని పాట్‌లక్ పార్టీల్లో చెప్పుకునేవాళ్ళని నేను ఒకటే అడుగుతున్నాను ఈమధ్య: పాత కారు ఎంతకి ఇచ్చావు? సాధారణంగా అక్కడ మాట మారిపోతుంది.

ఇదంతా చూస్తుంటే నాకు మా ఊళ్ళో స్టీలు సామాన్లావిడ గుర్తొచ్చింది. మీకూ గుర్తుండే ఉంటుంది, నెత్తిన గంపలో గిన్నెలు పెట్టుకుని "పాత బట్టలకి స్టీలు సామాన్లూ" అని మధ్యాహ్నం పూట వచ్చేది. రెండు ప్యాంట్లు, మూడు చీరలు ఇస్తే ఒక బేసిను. "ఈ చీర చిరిగింది తల్లీ, ఇంకోటెయ్యి" అనేది. ఆ బేసిను ఖరీదు ఎంతో మనకి తెలీదు, ఆ చీరల ఖరీదు ఎంతో అసలు ఎవరికీ తెలీదు. తెలీనిది రెండు, సమీకరణం ఒకటి. టెన్త్ లెక్కల్లోనే చెప్పారు కదా అది తెగదని. మా అమ్మ మాత్రం తెగగొట్టేది. జరీ ఉన్న పట్టుచీరలు ఆ మూటలో పడకుండా చూసేది. అవి విడిగా, పాత పట్టుచీరలు కొనేవాడికి, డబ్బుకి. మామూలు బట్టలే గిన్నెలకి. బేసిను బజార్లో ఎంతో ముందే కనుక్కుని ఉండేది. ఆవిడ బేరం చూసి చిన్నప్పుడు సిగ్గుపడేవాణ్ణి, పక్కింటివాళ్ళు వింటున్నారని.

బావకి ఫోన్లో నేను చెప్పింది కూడా అమ్మ పద్ధతే. "సంతకం పెట్టకండి. ఆకలేస్తోందని చెప్పి బయటికొచ్చెయ్యండి. అక్కని ఇంటి దగ్గర దింపి, కారు విడిగా ఇంకోచోట చూపిద్దాం." కార్‌మ్యాక్స్ లాంటి కంపెనీలు ఉన్నది ఇందుకే. 1993లో వర్జీనియాలో రిచ్‌మండ్ దగ్గర మొదలైన ఈ కంపెనీ, మా దగ్గర కొనకపోయినా మీ కారు మేం కొంటాం అని చెప్పి, ధర రాసి, దానికి 7 రోజుల గడువిస్తుంది. 2012లో వచ్చిన కార్వానా అయితే ఇంటికే వచ్చి కారు తీసుకుపోతుంది. వాళ్ళేమీ ధర్మాత్ములు కారు. వాళ్ళకీ లాభం కావాలి, వాళ్ళూ చూసి తగ్గించొచ్చు. కానీ అక్కడ కొత్త బండి గొడవ లేదు. తెలీనిది ఒకటే మిగులుతుంది.

ఆ మధ్యాహ్నం ఒకచోట చూపిస్తే (ఎక్కడో ముఖ్యం కాదు) 14,200 అని రాసిచ్చారు. సొట్టలు వాళ్ళూ చూశారు. బావ ఎగిరి గంతేసి "ఇక్కడే అమ్మేద్దాం" అన్నాడు. ఆగండి అన్నాను. ఎందుకంటే టెక్సాస్‌లో కారు కొన్నప్పుడు కట్టే అమ్మకపు పన్ను 6.25 శాతం, అదీ ట్రేడ్-ఇన్ విలువ తీసేసిన తర్వాత మిగిలిన మొత్తం మీద. అంటే డీలర్ 13,000 ఇస్తే, పన్నులో ఇంకో 812 మిగులుతుంది. 14,200 బయట అమ్మితే ఆ మిగులు లేదు. 14,200ని 1.0625తో భాగించండి, 13,365 వస్తుంది. డీలర్ అంతకన్నా ఒక్క డాలర్ ఎక్కువిచ్చినా అక్కడే ఇవ్వడం లాభం. బావ కాలిఫోర్నియాలో ఉండుంటే ఈ లెక్క పనికిరాదు, అక్కడ కొత్త బండి పూర్తి ధర మీద పన్ను కట్టాల్సిందే.

సోమవారం బావ మళ్ళీ పులి అయ్యాడు. 14,200 కాగితం ఫోటో తీసి ఈమెయిల్ పెట్టాడు. గంటలో 13,700 అని జవాబు. శనివారం పదమూడు దాటితే మాకు నష్టం అన్న కారే, సోమవారానికి 700 పెరిగింది. తాళంచెవి డ్రాయర్లోంచి బయటికి రావడం వల్ల కొంత, కాగితం వల్ల చాలా. పన్ను కలుపుకుంటే అది 14,556తో సమానం. అక్కడే ఇచ్చేశాడు.

మూడు వారాల తర్వాత ఒక రాత్రి వాట్సాప్‌లో లింకు పంపాడు. తన అకార్డ్. ఫోటోల్లో తళతళ మెరుస్తోంది, పైకప్పు మీద సొట్ట లేదు. ధర 17,400. "3,700 లాగేశాడురా వెధవ" అని కింద వ్యాఖ్య. ఏమాటకామాట చెప్పుకోవాలి, ఇక్కడ నేను డీలర్ పక్షమే. టైర్లు వేశాడు, సొట్టలు తీయించాడు, రంగు వేశాడు, స్థలం అద్దె కడుతున్నాడు. పైగా అది టొయోటా షోరూం. హోండాకి కంపెనీ సర్టిఫికెట్ ఇచ్చి అమ్మడం హోండా డీలర్‌కే కుదురుతుంది. మా బావ అదే కారు ఒక హోండావాడికి చూపించి ఉంటే ఇంకొంచెం వచ్చేదేమో. కారు అదే, దాని అవసరం ఎవరికి ఉంది అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. 2021లో చిప్పుల కొరతతో కొత్త కార్లు దొరక్కపోయినప్పుడు ఇది అందరూ చూశారు. రెండేళ్ళు తోలిన కారుని కొన్నదానికన్నా ఎక్కువకి అమ్మినవాళ్ళు మా అపార్ట్‌మెంట్లోనే ఇద్దరున్నారు. కార్లు ఏమీ గొప్పవి అయిపోలేదు, డీలర్ల స్థలాలు ఖాళీగా ఉన్నాయంతే.

మనం కంప్యూటర్లవాళ్ళం కాబట్టి ఒక ప్రశ్న రావాలి. ఇంత డేటా ఉన్నప్పుడు ఆన్‌లైన్‌లోనే కచ్చితమైన ధర ఇచ్చేసి, దానికి కట్టుబడొచ్చు కదా? మోడల్ సరిగ్గా లేదా? మోడల్ ఎంత బాగున్నా చిక్కు ఒకటుంది. సగటున సరైన ధర ఇచ్చారనుకోండి. తన కారులో ఏ లోపమూ లేనివాడికి అది తక్కువనిపిస్తుంది, వాడు రాడు. గేర్‌బాక్స్‌లో అప్పుడప్పుడు ఒక చప్పుడు వస్తోందని తెలిసినవాడు పరిగెత్తుకుంటూ వస్తాడు. మీ దగ్గర చేరేవన్నీ చప్పుడు కార్లే. జార్జ్ అకర్లోఫ్ 1970లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఇదే చెబుతుంది, 2001లో ఆయనకి నోబెల్ పంచుకోవడానికి కారణం కూడా ఇలాంటి పరిశోధనే. ఇళ్ళ విషయంలో జిల్లో కంపెనీ ఇదే ప్రయత్నం చేసి, అల్గారిదంతో ధర కట్టి ఇళ్ళు కొనడం తన వల్ల కాదని 2021 నవంబర్‌లో చేతులెత్తేసింది. కాబట్టి ఆన్‌లైన్ ధర కింద బూడిద రంగు చిన్నక్షరాలు తప్పవు. షరతుల్లేని ధర ఎవరైనా ఇస్తున్నారంటే అది బాగా తక్కువైనా అయ్యుండాలి, లేకపోతే వాడు త్వరలో దుకాణం మూసేసేవాడైనా అయ్యుండాలి.

అన్నట్టు అకర్లోఫ్ వ్యాసం పేరులో ఉన్నది నిమ్మకాయలు. లోపాలున్న కారుని అమెరికావాళ్ళు నిమ్మకాయ అంటారు. మనమేమో కొత్త కారు కొన్న రోజే గుడికి తీసుకెళ్ళి, పసుపు కుంకుమలు పెట్టి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కిస్తాం. అది నిమ్మకాయ కాకూడదనే కాబోలు :)

షరతులు తప్పవన్నాను గానీ, చూపించే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. ఆఫీసులో క్లయింటుకి మనం ఎస్టిమేట్ ఇచ్చేటప్పుడు ఏ ఊహల మీద ఇచ్చామో ముందు రాస్తాం, తర్వాత అంకె రాస్తాం. ఇక్కడ అంకె అంత పెద్దది, ఊహలు చీమ తలకాయంత. డీలర్ సైట్లో ఉండే "మీ కారు విలువ తెలుసుకోండి" బటన్ పని ప్రధానంగా మన ఫోన్ నంబర్ సంపాదించడం. అంకె దానికి ఎర. ఎర ఎప్పుడూ కాస్త లావుగానే ఉంటుంది.

బావకి ఇదంతా ఏడు వందల డాలర్ల ముచ్చట. మా ఆఫీసాయన సంగతి అలా కాదు. ఆయన పేరు వద్దులెండి. హెచ్-1బీ మీద ఉండేవాడు, లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోయాక ఉండనిచ్చేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు, 2017 నుంచి ఉన్న నియమం ఇది. నలభై రోజులు ఇంటర్వ్యూలకి పోయాయి. ఇక తిరిగి వెళ్ళిపోదామని నిర్ణయించుకున్నాక సోఫా, టీవీ, కారు అమ్మడానికి మిగిలినవి ఇరవై రోజులు. కారు అంతకు మూడేళ్ళ క్రితం కొన్న ఎస్‌యూవీ. దాన్ని కొన్నప్పుడు అంతకు ముందున్న కారు ట్రేడ్-ఇన్ చేశాడు. అప్పుడు ఆ పాత కారు మీద ఇంకా అప్పుంది, కారు విలువకన్నా అప్పు ఎక్కువ. డీలర్ "ఏం ఫరవాలేదు, మేం చూసుకుంటాం" అన్నాడు. చూసుకోవడం అంటే ఆ తేడాని కొత్త లోనులో కలిపెయ్యడం. నెలకి కట్టేది ఓ అరవై డాలర్లు పెరిగింది, అంతే. జీతం వస్తున్నన్నాళ్ళూ అది ఎవరికీ కనపడలేదు.

ఇప్పుడు ఆయన నాలుగు సైట్లలో కారు నంబర్ కొట్టాడు. మంచి అంకెలే వచ్చాయి. కానీ బ్యాంకుకి కట్టాల్సింది స్టేట్‌మెంట్లో కనపడే బ్యాలెన్స్ కాదు, పదిరోజుల వడ్డీ కలిపి బ్యాంకువాడు ఇచ్చే పేఆఫ్ మొత్తం. అది అన్ని అంకెలకన్నా ఎక్కువగా ఉంది. ట్రేడ్-ఇన్ అయితే మళ్ళీ ఇంకో లోనులో తోసెయ్యొచ్చు. దేశం వదిలి వెళ్ళేవాడికి తోసెయ్యడానికి ఇంకో లోను లేదు. టెక్సాస్ పన్ను మిగులు కూడా లేదు, కొత్తది కొనడంలేదు కదా. అన్నింటిలోకీ ఎక్కువ రాసిచ్చిన చోట అమ్మి, దాని మీద 2,300 డాలర్లు తన చేత్తో చెక్కు రాసిస్తే గానీ కారు వదలలేదు. కారు ఇచ్చి, పైన డబ్బులిచ్చి, ఊబర్లో ఇంటికొచ్చాడు. ఆ నెల ఆయనకి మిగిలిన సెవరెన్స్‌లో అది చిన్న మొత్తం కాదు.

ధర కట్టినవాళ్ళని ఆయన ఒక్క మాట అనలేదు. నిజానికి వాళ్ళిచ్చింది మంచి ధరే. మూడేళ్ళ క్రితం "మేం చూసుకుంటాం" అన్న కాగితం మాత్రం తీసి నాకు చూపించాడు. అందులో ట్రేడ్-ఇన్ ధర బ్లూ బుక్‌లో ఉన్నదానికన్నా ఎక్కువే రాసి ఉంది. కొత్త బండి ధర స్టిక్కర్ మీదున్నది ఉన్నట్టు రాసి ఉంది. పాత అప్పు తేడా ఇంకో గడిలో ఉంది. మూడు గడులూ విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం.

ఆయన ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు, మియాపూర్ వైపు. ఉద్యోగం దొరికింది. ఆ నాలుగు సైట్లలో ఒకదాని నుంచి, ఒక డీలర్ ఇంటర్నెట్ మేనేజరు పేరు మీద, ఆయనకి ఇప్పటికీ రెండు వారాలకోసారి ఈమెయిల్ వస్తోందట: మీ ఎస్‌యూవీ విలువ పెరిగింది, ఈ శనివారం తీసుకురాగలరా అని.